విజయనగరంలో రూపాయి బిళ్ళ: గెలాక్సీల నడిబొడ్డును చూడడం ఎలా

(విశాఖపట్నంలో కళాశాల విద్యార్థులు, పురప్రజల ఎదుట చేసిన ప్రసంగానికి పాఠం)

అధ్యక్షులకు, పెద్దలకు, ముందు వరుసలు వదిలేసి వెనక వరుసల్లో సర్దుకుని కూర్చున్న విద్యార్థులకు నమస్కారం.

ఈ ఊళ్ళో ఆకాశం గురించి మాట్లాడడానికి నిలబడ్డవాడు ముందుగా గోడే వెంకట జగ్గారావుగారిని తలచుకోవాలి. 1840లో ఆయన ఇక్కడ సొంత ఖర్చుతో ఒక వేధశాల నెలకొల్పారు. తరువాత ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు దాన్ని నిలబెట్టి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటిపోవడాన్ని ఈ ఊరినుంచే పరిశీలించారు. డాబాగార్డెన్స్ పేరు వినగానే మనకు ఇప్పుడు దుకాణాలూ ట్రాఫిక్కూ గుర్తొస్తాయి గాని, ఒకప్పుడు అక్కడ గ్రహనక్షత్రాల లెక్కలు జరిగాయి. వారి కాలంలో రాత్రి నిజంగా చీకటిగా ఉండేది. మనకు ఆ భాగ్యం లేదు. అయితే నేను ఈ సాయంత్రం చెప్పబోయే ఇబ్బంది దీపాల వెలుగుది కాదు, గాలిది.

రాత్రి తొమ్మిది దాటాక బీచ్ రోడ్డులో నిలబడి, రేవులోకి వంతు కోసం లంగరేసుకుని ఆగిన ఓడల దీపాలను చూడండి. దగ్గరి ఓడలో నాలుగు దీపాలుంటే నాలుగూ విడివిడిగా కనిపిస్తాయి. బాగా దూరాన ఉన్న ఓడలో నాలుగున్నా ఒకే చుక్కగా కలిసిపోతాయి, పైగా ఆ చుక్క వణుకుతూ ఉంటుంది. వణికేది ఓడలోని దీపం కాదు, దానికీ మనకూ మధ్యనున్న తడిగాలి. గెలాక్సీల నడుమ ఏముందో తెలుసుకోబోయిన ఖగోళశాస్త్రజ్ఞులు చాలాకాలం సరిగ్గా ఈ రెండు చిక్కుల్లోనే ఇరుక్కున్నారు: ఒకటి దూరం, రెండోది వణుకు.

నడుమ ఉన్నదాన్ని చూడడమే మన పని అయితే ఈ ప్రసంగం ఇక్కడితో అయిపోయేది, ఎందుకంటే అక్కడ ఉందనుకునే కృష్ణబిలం కనిపించదు. దానినుంచి వెలుగు బయటికి రాదు గనుకనే దానికి ఆ పేరు వచ్చింది. కాని ఒక వస్తువు కనిపించకపోయినా దాని బరువు తెలుసుకునే దారి ఒకటుంది. సూర్యుణ్ణి ఎవరూ త్రాసులో పెట్టి తూచలేదు. భూమి ఎంత దూరంలో ఎంత వేగంతో దాని చుట్టూ తిరుగుతున్నదో చూసి, న్యూటన్ సూత్రంతో సూర్యుడి బరువు కట్టాము. గెలాక్సీ మధ్యనున్నదాన్నీ అలాగే తూచాలి. వేగాన్ని వర్గం చేసి, దూరంతో గుణించి, గురుత్వ స్థిరాంకంతో భాగిస్తే నడుమనున్న బరువు వస్తుంది. ఇంటర్మీడియెట్ చదివిన వారందరికీ ఈ లెక్క వచ్చు. లెక్కలో కష్టం లేదు, ఆ వేగాన్ని ఎక్కడ కొలవాలన్నదే కష్టం.

కేంద్రానికి దూరంగా కొలిస్తే ప్రయోజనం లేదు. అక్కడ తిరిగే నక్షత్రాన్ని లాగేది మధ్యనున్న బిలం ఒక్కటే కాదు, లోపలున్న కోట్ల నక్షత్రాలన్నీ కలిసి లాగుతాయి. వాటి గుంపు బరువులో బిలం బరువు మునిగిపోతుంది. బిలం మాట చెల్లుబాటయ్యే మేర చాలా చిన్నది, మహా అయితే కొన్ని పదుల, కొన్ని వందల కాంతి సంవత్సరాలు. ఎమ్ 87 అనే గెలాక్సీ మనకు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉంది. నేలమీది మామూలు దూరదర్శినికి గాలి వణుకు వల్ల ఒక ఆర్క్ సెకను, అంటే డిగ్రీలో 3,600వ వంతు కంటే చిన్న వివరం విడిపడదు. ఎమ్ 87 దగ్గర ఒక ఆర్క్ సెకను అంటే సుమారు 270 కాంతి సంవత్సరాలు. మనం చూడదలచిన మేర మొత్తం ఒక మసకచుక్కలో కలిసిపోతుంది, దూరపు ఓడ దీపాలలాగానే.

గాలికి పైన ఉన్న హబుల్ దూరదర్శిని ఇందులో పదో వంతును విడదీయగలదు. ఆర్క్ సెకనులో పదో వంతు ఎంతో మనసుకు పట్టడానికి నేనొక లెక్క వేసి చూశాను. ఇక్కడినుంచి విజయనగరం వరకు నేరుగా గీత గీస్తే 40 కిలోమీటర్లకు కొంచెం పైన ఉంటుంది. అక్కడ కోట గోడమీద ఎవరైనా ఒక రూపాయి బిళ్ళ నిలబెడితే, ఈ సభాస్థలినుంచి దాని వెడల్పు దాదాపు అంతే కోణం చేస్తుంది. దారిలోని కొండలనూ భూమి వంపునూ దయచేసి క్షమించండి.

ఆ హబుల్ 1990 ఏప్రిల్ 24న బయలుదేరింది. మొదటి చిత్రాలు వచ్చాక గాని తెలియలేదు, 2.4 మీటర్ల అద్దాన్ని ఎంతో నున్నగా, ఎంతో కచ్చితంగా, తప్పు ఆకారంలో అరగదీశారని. అంచు దగ్గర కావలసినదానికంటే సుమారు 2.2 మైక్రాన్లు చదునైంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు; తల వెంట్రుక మందంలో యాభయ్యో వంతు అనుకోండి. అద్దాన్ని పరీక్షించే పరికరంలో ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉంది. ఆ పరికరాన్నే నమ్ముకుని అద్దాన్ని దిద్దుతూ పోయారు. తప్పుడు తూకపురాయితో నిజాయితీగా తూచినట్టయింది. 1993 డిసెంబరులో ఎండెవర్ నౌకలో వెళ్ళిన వ్యోమగాములు అయిదుసార్లు బయటికి వచ్చి పనిచేసి, చిన్న చిన్న అద్దాలతో ఆ దోషాన్ని సరిదిద్దారు, అంటే దూరదర్శినికి కళ్ళజోడు పెట్టారు.

కళ్ళజోడు పెట్టిన కొద్ది నెలలకే, 1994లో, హాలండ్ ఫోర్డ్, రిచర్డ్ హార్మ్స్ బృందం హబుల్‌ను ఎమ్ 87 మీదికి తిప్పింది. ఈ గెలాక్సీ ఎందుకంటే, 1918లోనే హెబర్ కర్టిస్ అనే ఆయన దాని కేంద్రంనుంచి ఒక వింతైన తిన్నని కిరణం బయలుదేరుతున్నట్టు గమనించి ఉన్నాడు. వేల కాంతి సంవత్సరాల పొడవున్న ఆ ధారను చిమ్ముతున్నది ఏమిటన్న ప్రశ్న అప్పటికి డెబ్బయ్యారేళ్ళుగా అలాగే ఉండిపోయింది. హబుల్ చూడగా నడుమ వేడి వాయువు పళ్ళెంలాగా పరచుకుని ఉంది. కేంద్రానికి 60 కాంతి సంవత్సరాల దూరంలో పళ్ళేనికి ఒక పక్క మనవైపు వస్తోంది, ఎదుటి పక్క అంతే వేగంతో దూరంగా పోతోంది.

ఆ సంగతి ఎలా తెలిసిందో ఇక్కడ ఆగి చెప్పాలి. వాల్తేరు వైపు వచ్చే రైలు కూత దగ్గరికొస్తున్నంతసేపూ కీచుగా, మనల్ని దాటాక బొంగురుగా వినిపిస్తుంది. వెలుగుకూ అదే వర్తిస్తుంది: వస్తున్నదాని వెలుగు నీలం వైపు, పోతున్నదాని వెలుగు ఎరుపు వైపు జరుగుతుంది. ఉదజని వాయువు 656.3 నానోమీటర్ల దగ్గర ఒక ఎర్రని గీతనిస్తుంది. సెకనుకు 550 కిలోమీటర్ల వేగం ఉంటే ఆ గీత 1.2 నానోమీటర్లు జరుగుతుంది. గెలాక్సీ మొత్తంగా మననుంచి దూరంగా పోతున్న జరుగుడును ముందు తీసేయగా, ఫోర్డ్ బృందానికి చిక్కిన తేడా దాదాపు ఇదే. ఇప్పుడు ఇందాకటి సూత్రంలో 550 కిలోమీటర్లు, 60 కాంతి సంవత్సరాలు వేస్తే 130 కోట్ల సూర్యుల బరువు వస్తుంది. పళ్ళెం మనకు వాలుగా ఉండడం వల్ల వేగంలో కొంత మాత్రమే మనకు తెలుస్తుంది. ఆ వాలును కూడా లెక్కలోకి తీసుకుని వారు సుమారు 240 కోట్ల సూర్యులని తేల్చారు. అంత బరువు అంత చిన్న చోట నక్షత్రాల రూపంలో ఉంటే ఆ చోటు ధగధగలాడిపోవాలి. అక్కడ ఆ వెలుగు లేదు.

ఈ 240 కోట్ల అంకె ఇప్పుడు ఎవరూ వాడరు. పాఠ్యపుస్తకాలు చెప్పని కథ ఒకటి ఇందులో ఉంది గనుక కొంచెం ఓపిక పట్టండి. తరువాతి కాలంలో వాయువుకు బదులు నక్షత్రాల కదలికలను తీసుకుని లెక్కకట్టినవారికి అదే బిలం 660 కోట్ల సూర్యుల బరువుగా తేలింది. మళ్ళీ 2013లో మరింత మెరుగైన హబుల్ కొలతలతో వాయువును పట్టుకుని లెక్కకట్టిన మరో బృందానికి 350 కోట్లే వచ్చింది. ఒకే వస్తువు, రెండు తక్కెడలు, దాదాపు రెండింతల తేడా. వాయువు లొంగే సరుకు కాదు. సుడులు తిరుగుతుంది, ఒత్తిడికి పక్కకు పోతుంది, పొగలాగా ఎవరు ఊదితే వారివైపు వాలుతుంది. నక్షత్రానికి ఆ బెడద లేదు, అది గురుత్వాకర్షణ మాట ఒక్కటే వింటుంది. ఈ తగవును చివరికి 2019 ఏప్రిల్ 10న బయటపెట్టిన ఆ బిలం చిత్రం తీర్చింది: 650 కోట్లు, నక్షత్రాలది నిజమైంది.

ఆ చిత్రం తీసినవి అంతరిక్ష దూరదర్శినులు కావు, భూమి నలుమూలలా ఉన్న రేడియో దూరదర్శినులను ఒక్కటిగా కలిపి తీశారు. అందులో బిలం చుట్టూ కనిపించే వెలుగు ఉంగరం వెడల్పు ఆర్క్ సెకనులో పదిలక్షల వంతులు 42. చంద్రుడి మీద ఒక గారె పెట్టి మనం ఇక్కడినుంచి చూస్తే ఎంతో అంత. పోలిక నోరూరించేదే గాని, నేను తిండిధ్యాసతో చెప్పలేదు. ఆ చిత్రం చూసినవారెవరికైనా నడుమ చిల్లున్న గారె తప్ప మరొకటి గుర్తుకు రాదు.

ఎమ్ 87కు దగ్గరలోనే, కన్యారాశి గుంపులోనే, ఎమ్ 84 అనే గెలాక్సీ ఉంది. దానిమీద నాకు ప్రత్యేకమైన మమకారం. 1997 ఫిబ్రవరిలో హబుల్‌కు స్టిస్ అనే వర్ణపట పరికరం అమర్చారు. అంతకుముందు పరికరంతో ఒక్కొక్క చోటికి గురిపెట్టి వేగం కొలవాల్సి వచ్చేది. స్టిస్‌లో సన్నని చీలిక ఉంటుంది. దాన్ని గెలాక్సీ నడిమిమీద అడ్డంగా పెడితే, ఈ కొసనుంచి ఆ కొస దాకా ప్రతి చోటి వేగమూ ఒకే బొమ్మలో ఒక గీతగా వస్తుంది. నడుమ భారీ వస్తువు లేకపోతే ఆ గీత దాదాపు నిటారుగా ఉండాలి. ఎమ్ 84లో ఆ గీత కేంద్రం దగ్గరికొచ్చేసరికి ఒక్కసారిగా నీలం వైపు దూకి, కేంద్రం దాటుతూనే ఎరుపు వైపు విసురుగా తిరిగి, మళ్ళీ తోవలో పడుతుంది. కేంద్రానికి 26 కాంతి సంవత్సరాల లోపల వేగం సెకనుకు 400 కిలోమీటర్లు. కనీసం 30 కోట్ల సూర్యుల బరువు అక్కడ ఉండాలని అప్పట్లో ప్రకటించారు.

ఇలాంటి వర్ణపటాల ముడి దత్తాంశాన్ని నేను మొదటిసారి సొంతంగా తెరిచి చూసినప్పుడు, కేంద్రానికి కాస్త పక్కన ఎవరూ చెప్పని ఒక మెరుపుగీత కనిపించింది. మూడు రోజులు నిద్ర పట్టలేదు. నాలుగో రోజు, అదే చోట తీసిన రెండో బొమ్మలో అది లేదని తెలిసింది. అంతరిక్షంలో నిత్యం దూసుకుపోయే విశ్వకిరణ కణం ఒకటి వచ్చి పరికరాన్ని తాకిన గీటు అది. అందుకే హబుల్ ఒకే దృశ్యాన్ని రెండు మూడు ముక్కలుగా తీస్తుంది. అన్నిటిలో ఉన్నదే నిజం, ఒక్కదానిలో మాత్రమే ఉన్నది గీటు. ఇది మొదటి పాఠంలోనే రాసి ఉంటుంది. నేను మొదటి పాఠం చదవలేదు.

స్టిస్ 2004 ఆగస్టులో పాడైంది. 2009 మేలో మైక్ మాసిమినో అనే వ్యోమగామి దాన్ని బాగుచేయడానికి పూనుకున్నాడు. మూత తీయాలంటే 111 మరలు విప్పాలి, అవీ ఎగిరి దూరదర్శిని లోపల పడకుండా. తీరా చూస్తే ఆ మూతకు అడ్డంగా ఉన్న చేతిపట్టీ మర ఒకటి అరిగిపోయి తిరగలేదు. ఇంటిదగ్గర ఫ్యాను విప్పేటప్పుడు మనందరికీ ఎదురయ్యేదే. మనం చేసేదే ఆయనా చేశాడు: నేలమీది ఇంజినీర్ల అనుమతి తీసుకుని, చేత్తో పట్టి లాగి ఊడబెరికాడు. ఆ పరికరం తిరిగి పనిచేసింది.

మన సొంత పాలపుంత సంగతి అడుగుతారు. అక్కడ నడిమికి దూరం 26 వేల కాంతి సంవత్సరాలు మాత్రమే గనుక ఒక్కొక్క నక్షత్రాన్నీ విడిగా చూడవచ్చు. కాని మధ్యనున్న ధూళి ఎంత దట్టమంటే, కంటికి కనిపించే వెలుగులో లక్ష కోట్లకు ఒక వంతు కూడా మనదాకా చేరదు. పరారుణ కాంతి చేరుతుంది. ఆ కాంతిలో, గాలి వణుకుకు ఎదురు వణికే అద్దాలతో, జర్మనీలో రైన్‌హార్డ్ గెంజెల్ బృందమూ అమెరికాలో ఆండ్రియా గెజ్ బృందమూ ఏళ్ళ తరబడి ఆ నక్షత్రాలను వెంటాడాయి. ఎస్ 2 అనే నక్షత్రం 16 ఏళ్ళకొకసారి చుట్టి వస్తుంది. 2018 మేలో అది కేంద్రానికి అతిదగ్గరగా సెకనుకు సుమారు 7,650 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయింది. నడుమ బరువు 43 లక్షల సూర్యులు. 2020లో ఆ ఇద్దరికీ, రోజర్ పెన్రోస్‌తో పాటు నోబెల్ బహుమతి వచ్చింది. ఇది నేలమీది దూరదర్శినుల ఘనత. అంతరిక్షం గురించి మాట్లాడడానికి వచ్చానని దీన్ని దాచిపెట్టను.

అంతరిక్షానికి వెళ్ళక తప్పనిది ఎక్స్ కిరణాల విషయంలో. గాలి వాటిని పూర్తిగా మింగేస్తుంది. మన ఆరోగ్యానికి అది మంచిదే. 1999 జులై 23న బయలుదేరిన చంద్రా వేధశాలకు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టారు. ఎక్స్ కిరణాలకు మామూలు అద్దం చూపిస్తే అవి అందులోకి చొరబడి పోతాయి. చెరువులో పెంకు ఎగరేసే పిల్లవాడికి ఈ చిక్కుకు పరిష్కారం తెలుసు: నిటారుగా వేస్తే మునుగుతుంది, నీటిని ఒరుసుకునేలా వేస్తే గంతులేస్తూ పోతుంది. చంద్రా అద్దాలు పళ్ళేల్లాగా కాక, ఒకదానిలో ఒకటి ఇమిడిన పీపాల్లాగా ఉంటాయి. కిరణాలు వాటి లోపలి గోడలను ఒరుసుకుంటూ వెళ్ళి ఒకచోట కలుస్తాయి.

2000 అక్టోబరులో చంద్రా మన పాలపుంత నడుమ ఒక ఎక్స్ కిరణాల మంటను పట్టుకుంది. గమనించవలసింది మంట కాదు, దాని తొందర: ఒక దశలో అది పది నిమిషాల్లోనే బాగా తగ్గిపోయింది. వెలుగు పది నిమిషాల్లో దాటలేనంత పెద్ద వస్తువు పది నిమిషాల్లో ఆరిపోలేదు, ఎందుకంటే ఈ పక్క ఆరిన సంగతి ఆ పక్కకు చేరడానికే అంతకంటే ఎక్కువ సేపు పడుతుంది. వెలుగు సూర్యుడినుంచి మనదాకా రావడానికి ఎనిమిది నిమిషాల పైచిలుకు. అంటే ఆ మంట వచ్చిన చోటు మహా అయితే భూమికీ సూర్యుడికీ ఉన్న దూరానికి కొంచెం ఎక్కువ. బొమ్మలో విడిపడనంత చిన్నదాన్ని గడియారం పెట్టి కొలవడమంటే ఇదే. నాకు ఈ ఒక్క తర్కం ఎన్ని రంగుల చిత్రాలకంటేనో అందంగా కనిపిస్తుంది.

ఎక్స్ కిరణాల కోసం మన దేశం కూడా ఆస్ట్రోశాట్‌ను 2015 సెప్టెంబరు 28న మన రాష్ట్రంలోని శ్రీహరికోటనుంచే పంపింది. అతినీలలోహిత కాంతినీ, ఎక్స్ కిరణాలనూ ఒకే వస్తువునుంచి ఒకేసారి చూడగలగడం దాని ప్రత్యేకత. దానిపై వేరే ప్రసంగం కావాలి, నిర్వాహకులు పిలిస్తే వస్తాను.

ఇక 2021 డిసెంబరు 25న వెళ్ళిన జేమ్స్ వెబ్. దాని అద్దం 6.5 మీటర్లు గనుక హబుల్ కంటే ఎన్నో రెట్లు పదునుగా చూస్తుందని చాలామంది అనుకుంటారు. అది చూసేది పొడవైన పరారుణ తరంగాలను. తరంగం పొడుగయ్యేకొద్దీ పదును తగ్గుతుంది గనుక, చివరికి పదును హబుల్‌కు దాదాపు సమానం. వెబ్ బలం వేరు: విశ్వం వ్యాకోచిస్తున్నందువల్ల సాగిపోయి పరారుణంలోకి జారిన తొలికాలపు వెలుగును అది అందుకుంటుంది. 2023లో అకోస్ బోగ్దాన్, ప్రియంవదా నటరాజన్ తదితరులు, వెబ్ చూపించిన యుహెచ్‌జెడ్ 1 అనే గెలాక్సీ దిక్కుగా చంద్రా రెండు వారాలకు పైగా చూసిన చూపులన్నీ కలిపి, అందులో ఆకలిగొన్న కృష్ణబిలం ఉందని చూపించారు. బిగ్ బ్యాంగ్ తరువాత 47 కోట్ల సంవత్సరాలనాటి వెలుగు అది. బిలం బరువు 1 కోటి నుంచి 10 కోట్ల సూర్యుల దాకా.

ఇందులో వింత ఏముందో చక్రవడ్డీ తెలిసినవారికి ఇట్టే అర్థమవుతుంది. బిలం ఇష్టం వచ్చినంత వేగంగా తినలేదు, లోపలికి పడే వాయువు వేడెక్కి చిమ్మే వెలుగే వెనక వచ్చేదాన్ని తోసేస్తుంది. ఆ హద్దుకు లోబడి తింటే బరువు రెట్టింపు కావడానికి సుమారు 3 కోట్ల ఏళ్ళకు పైగా పడుతుంది. ఒక పెద్ద నక్షత్రం చచ్చి 100 సూర్యుల బిలం మిగిల్చిందనుకుందాం. అది కోటి కావాలంటే లక్ష రెట్లు పెరగాలి, అంటే దాదాపు 17 సార్లు రెట్టింపు కావాలి. ఒక్క పూట కూడా పస్తులేకుండా తిన్నా 50 కోట్ల ఏళ్ళు దాటుతాయి. ఉన్నవి 47 కోట్లు. అందులోనూ తొలి నక్షత్రం పుట్టడానికే ఎంతో కాలం పోయింది. కాబట్టి అసలే పెద్ద మొత్తంతో మొదలై ఉండాలి: ఒక మహా వాయుమేఘం నక్షత్రాలుగా విడిపోకుండా నేరుగా కూలి, వేల సూర్యుల బరువుతో పుట్టి ఉండాలి. లేదా హద్దు మీరి తిని ఉండాలి. నటరాజన్ మొదటిదాన్ని చాలా ఏళ్ళుగా ప్రతిపాదిస్తూ వచ్చారు, ఈ గెలాక్సీ లక్షణాలు ఆ ప్రతిపాదనకు బాగా సరిపోతున్నాయి. నా మొగ్గూ అటే. అయితే విశ్వం తొలినాళ్ళలో వెబ్ గుంపులుగా చూపిస్తున్న, ఇంకా ఏమిటో తేలని చిన్న ఎర్రచుక్కల సంగతి తేలేదాకా పందెం కాయను.

ప్రశ్నలకు పోయే ముందు ఒక్క మాట. హబుల్, వెబ్, చంద్రా తీసినవన్నీ, పరిశీలన కోరినవారికి ఇచ్చిన గడువు తీరాక, అందరికీ ఉచితంగా దొరుకుతాయి. పక్కనున్న ఆ బల్లమీది ల్యాప్‌టాప్‌లో ఎమ్ 84 వర్ణపటం తెరిచి పెట్టాను, గీటులు తీసేయకుండా ముడి రూపంలోనే. వరుసగా వచ్చి చూడండి. గీత నీలం వైపు ఎక్కడ వంగుతున్నదో, ఎరుపు వైపు ఎక్కడ తిరుగుతున్నదో పెన్సిలుతో గుర్తుపెట్టుకోవడానికి కాగితాలు ఉన్నాయి. స్కేలు మాత్రం ఒక్కటే తెచ్చాను, పంచుకోండి.